జీపెక్కని పడిగె

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. లెక్కల వాళ్ళు వస్తే హుషారుగా ఉంటారు, సైన్సు వాళ్ళు వస్తే ఇంకా హుషారుగా ఉంటారు. సోషల్ వాళ్ళు మాత్రం వచ్చీ రాగానే మొహాలు వేలాడేసుకుని, "మా సబ్జెక్టుని ఎవరూ లెక్కచేయరు మేడం" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, రిటైరయ్యాక కూడా అక్కణ్ణించి దిగలేదు. వాళ్ళని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ సంగతి చెప్పి పంపిస్తాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచేస్తానేమో, పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూస్తుంది, ఎవరితో తగాదా అని. తగాదా కాదమ్మా, సంతోషం అని చెప్పినా ఆవిడ నమ్మదు.

మాది మధిర. చర్చి వీధిలో పుట్టి పెరిగాను. కల్లూరులో చాలా ఏళ్ళు పనిచేశాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నన్ను చర్ల అవతల అడవిలో ఉన్న హైస్కూలుకి బదిలీ చేశారు. ఆర్డరు చూసి మా ఆయన "ఉద్యోగం మానెయ్" అన్నాడు. "నువ్వు మానెయ్" అన్నాను. అంతటితో ఆ చర్చ అయిపోయింది. భద్రాచలం నుంచి చర్ల దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో, ఆటోవాడు ఇంక నావల్ల కాదన్న చోటు నుంచి నడక. దారిలో పోలీసు క్యాంపు. పొద్దు గుంకితే ఆ రోడ్డు మీద బండి కదలదు, సర్కారు బండి అసలే కదలదు. వారమంతా అక్కడే అద్దె గదిలో ఉండి, వీలైనప్పుడు ఇంటికి వచ్చిపోయేదాన్ని.

బళ్ళో పిల్లలు ఎక్కువమంది కోయవాళ్ళు. హెడ్మాస్టరుగారు సత్తుపల్లి వైపు మనిషి. మంచివాడు, పిల్లల్ని కొట్టడు, మాకు సెలవివ్వడానికి ఏడిపించడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ఎప్పటికైనా పేపర్లో మన బడి ఫోటో పడాలి అని. డ్రిల్లు మాస్టరుది కొత్తగూడెం వైపు బొగ్గుగనుల ఊరు. వాళ్ళ నాన్న భూగర్భంలో పనిచేసిన మనిషి. ఈయన మాత్రం ఎప్పుడో చర్ల వైపు వచ్చి, ఈ అడవి నచ్చి, బదిలీ అడగడం మానేశాడట. కోయ భాష బాగా వచ్చు. మా ముగ్గురికీ పడేది కాదు, కానీ ఒకళ్ళు లేకపోతే మిగతా ఇద్దరికీ తోచేది కాదు.

అసలు కథ హైదరాబాదులో మొదలైంది. ఒక వేసవిలో సోషల్ టీచర్లకి అక్కడ ట్రైనింగ్ పెట్టారు. ఆఫ్రికా గురించి మాట్లాడమని నైజీరియా నుంచి వచ్చి అక్కడ చరిత్రలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయిని పిలిచారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంది. పప్పన్నం చక్కగా చేత్తో కలుపుకుని తింటోంది. మాట కలపాలి కదా అని, నాకు వచ్చిన ఇంగ్లీషులో, "మీ ఊళ్ళోకి సింహాలు వస్తాయా?" అని అడిగాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "ఇక్కడ అందరూ నన్ను సింహం క్షేమసమాచారాలే అడుగుతారు, మా అమ్మ ఎలా ఉందని ఒక్కరూ అడగరు" అంది. నేను సిగ్గుపడి, మీ అమ్మ ఎలా ఉంది అని అడిగాను. అంతే, సాయంత్రం దాకా మా ఇద్దరి నోళ్ళూ మూతపడలేదు.

వాళ్ళది ఇప్పటి నైజీరియాలోనే ఉన్న బెనిన్ అనే పాత రాజ్యం. కంచు, ఇత్తడి పోతపోసే వంశాలు ఉండేవట, వాళ్ళ అమ్మమ్మ ఆ ఇంటి ఆడపడుచు. రాజులు, యుద్ధాలు, పండగలు అన్నీ పలకల మీద బొమ్మలుగా పోతపోసి కోటలో పెట్టుకున్నారు. ఒకరోజు ఇంగ్లీషు సైన్యం వచ్చి ఊరికి నిప్పుపెట్టి, ఆ పలకలూ, కంచు తలలూ ఓడలకెత్తుకుని లండన్ తీసుకుపోయింది. వాళ్ళే ఆ తరవాత, ఆఫ్రికా వాళ్ళకి రాత లేదు కాబట్టి చరిత్ర లేదు అని పుస్తకాల్లో రాశారు. "ఆ పుస్తకాలే మా అమ్మ చదువుకుని పరీక్ష పాసయింది. బళ్ళో ఇంటి భాష మాట్లాడితే మెడలో పలక కట్టి నిలబెట్టేవాళ్ళు. ఇంకెందుకు సైన్యం?" అంది. స్వాతంత్ర్యం వచ్చాక ఒక పెద్ద పండగ చేసుకుంటూ, మా రాణి ముఖం బొమ్మ ఒక్కటి కొన్నాళ్ళు పంపండి అని అడిగితే, దారిలో పాడవుతుందని పంపలేదట. సైనికులు పంచుకున్నవి పోగా మిగిలినవన్నీ అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. భద్రంగా అనే మాట దగ్గర ఆ పిల్ల మొహం చూడాలి మీరు.

తన దగ్గరున్న ఫోటోలో ఒక కంచు తల చూపించింది. ఎంత అందంగా ఉందో ఈ బొమ్మ అని నేను అనగానే, "బొమ్మ కాదు. చనిపోయిన రాజుగారి పూజ దగ్గర ఉండాల్సిన తల. అది అక్కడ ఉంటేనే ఆయన మాతో ఉన్నట్టు. మీరు చూసేది మ్యూజియం. నేను చూసేది మా పెద్దాయన్ని పెట్టిన జైలు" అంది. ఆమె మెడలో శిలువ ఉంది. నువ్వు చర్చికి వెళ్తావు కదా, మరి పూజ అంటావేంటి అన్నాను. "యేసుని నమ్మాలంటే మా ముత్తాతని తిట్టాలని బైబిల్లో ఎక్కడుంది?" అని ఎదురు అడిగింది. నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన పేరుమోసిన డప్పు వాయిద్యగాడు. చర్చిలో చేరిన రోజున డప్పు అటకెక్కించాడట, మళ్ళీ దించలేదు. చర్చిలో ఆర్గన్ ఉండొచ్చుట, డప్పు ఉండకూడదట. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని నేను ఆ రోజు దాకా అడగనే లేదు.

బడి తెరవగానే నేను ఊరుకుంటానా? డ్రిల్లు మాస్టరుని పట్టుకుని, ఆడపిల్లల చేత ముగ్గుపిండితో గ్రౌండంతా ఆఫ్రికా గీయించాను. తొమ్మిది, పది తరగతులు కలిపి ఒక్కో దేశంలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టాను. గీతలు వేస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తల ఎత్తి, "మేడం, గీత గిట్ల సీదాగ ఎట్లొచ్చింది? నడుమ వాగు లేదా, గుట్ట లేదా?" అని అడిగింది. ఉన్నాయి, అయితే గీసినవాళ్ళు అక్కడ లేరు, యూరపులో బల్ల చుట్టూ కూర్చుని మ్యాపు మీద గీసుకున్నారు అని చెప్పాను. "మా మేనమామోల్ల ఊరు గూడ గట్లనే ఛత్తీస్‌గఢ్ దిక్కు పడ్డది" అన్నాడు వెనకనుంచి ఒకడు. పుస్తకంలో రెండు పేజీలున్న పాఠం అక్కడ వారం నడిచింది.

ఆట ఏమిటంటే, అందరూ తల వంచుకుని కూర్చోవాలి. నేను ఏడాది పిలుస్తాను. ఆ ఏడాది స్వతంత్రం వచ్చిన దేశం లేచి పేరు చెప్పుకోవాలి. పంతొమ్మిదివందల యాభై ఏడు అంటే ఘనా లేచింది. మరుసటి ఏడు గినీ లేచింది. పంతొమ్మిదివందల అరవై అన్నాను. అబ్బ, ఒక్కసారి పదిహేడు మంది లేచారు. పదిహేడు దేశాలు ఒక్క ఏడాదిలో. అరుపులు, ముగ్గు దుమ్ము, కూర్చున్నవాళ్ళు కూడా ఆగలేక చప్పట్లు. హెడ్మాస్టరుగారు బళ్ళోకి పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. డ్రిల్లు మాస్టరు "పాము కాదు సార్, నైజీరియా" అన్నాడు. నైజీరియాలో కూర్చుంది ఆ వాగు, గుట్ట అడిగిన పిల్లే. అప్పట్నుంచి బళ్ళో నా పేరు ఆఫ్రికా మేడం. నా ఎదురుగా కూడా అదే అనేవాళ్ళు.

ఆ పడమటి ఆఫ్రికా దేశాల్లో వంశాల చరిత్ర మొత్తం కంఠతా పెట్టి పాడే కుటుంబాలు ఉంటాయని, వాళ్ళని గ్రియోలంటారని చెబుతుంటే, అదే పిల్ల, "మా తాత గూడ గంతే మేడం. పడిగె నిలబెట్టి డోలు కొట్టుకుంట పాడతడు" అంది. పడిగె అంటే ఏంటో నాకు తెలీదు. డ్రిల్లు మాస్టరు చెప్పాడు. "కోయోల్ల వేల్పు జెండ మేడం. మూడు మూలల గుడ్డ. దాని మీద వాళ్ళ తాతముత్తాతల బొమ్మలుంటయ్. ఆ ముసలాయన బొమ్మ మీద బొమ్మ చూసుకుంట వంశం కథంత పాడతడు." నాకు ఇంక కాలు నిలవలేదు. ఆ ఆదివారం డ్రిల్లు మాస్టరుని తీసుకుని ఆ పిల్ల వాళ్ళ ఊరు బయల్దేరితే, హెడ్మాస్టరుగారు కూడా కెమెరా మెడలో వేసుకుని తయారయ్యారు.

తాత సన్నగా, తల మీద ఎర్ర తువ్వాలతో, ఇంటి ముందు వెదురు చీలుస్తున్నాడు. పడిగె ఇంటి దూలానికి వేలాడుతున్న బుట్టలో ఉంది. చూపించలేదు. ఉత్తపుణ్యానికి విప్పరట. ఏడాదికోసారి వేల్పు కొలుపుకి, మళ్ళీ వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు ఎవరైనా చనిపోతే ఎండాకాలంలో వాళ్ళని పెద్దల్లో కలిపేటప్పుడు విప్పి, మొదటి తాత నుంచి పాడుకుంటూ వచ్చి, చివర ఆ చనిపోయిన మనిషిని కలుపుతారు. అదయ్యేదాకా ఆ మనిషి పెద్దల్లోకి చేరినట్టు కాదు. "మొదటి వానల్ల మా ముసల్ది పోయింది" అన్నాడు, వెదురు మీంచి తల ఎత్తకుండానే. "ఎండకాలం దాంక బయటనే ఉంటది. పడిగె లేస్తేనే ఇంట్లకొచ్చేది." పెళ్ళాం గుమ్మం బయట వానలో నిలబడి ఉన్నట్టే చెప్పాడు ఆ మాట. నాకు నైజీరియా పిల్ల చూపించిన కంచు తల గుర్తొచ్చింది. నేను క్రైస్తవురాల్ని, ఆ బుట్ట కింద నిలబడి ఎందుకు తల వంచుకున్నానో నాకే తెలీదు.

చలికాలంలో ఒకరోజు హెడ్మాస్టరుగారు స్టాఫురూములోకి వెలిగిపోతూ వచ్చారు. పట్నంలో ఒక మ్యూజియం తరఫున పాత వస్తువులు చూసే ఆఫీసరుగారు మన బడికి వస్తున్నారు, పడిగె చూస్తారు, తాతకి కబురు పంపాను, పిల్లల చేత మీ ఆఫ్రికా ఆట కూడా ఆడించండి అన్నారు. నేను కూడా ఎగిరి గంతేశాను. పడిగె చూడొచ్చని నాకూ ఆశ. పిల్లలు ముందురోజే గ్రౌండు ఊడ్చి, అలికి, ముగ్గు వేశారు. హెడ్మాస్టరుగారు నాటుకోడి వండించారు.

ఆ రోజు పొద్దున తాత వచ్చాడు. నెత్తిన బుట్ట, వెంట డోలు మోసుకుంటూ వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు ఇద్దరు పెద్దమనుషులు. వరండాలో కడిగిన జాగాలో బుట్ట దించి, దాని పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి జీపొచ్చింది. ఆఫీసరుగారు కళ్ళద్దాల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. తాత చేతులు పట్టుకుని నమస్కారం చేశాడు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది. బుట్టని అపురూపంగా చూసి, హెడ్మాస్టరుగారితో అన్నాడు, "ఇక్కడ పొగ, చెద, వాన. ఇంకో పదేళ్ళు ఆగదు. ఇవాళే తీసుకెళ్ళి భద్రపరుస్తాం. బదులు కొత్త గుడ్డ మీద అచ్చం ఇలాగే వేయించి పంపుతాం." డ్రైవరు అప్పటికే జీపులోంచి పొడవాటి రేకు పెట్టె దించుతున్నాడు.

నేను హెడ్మాస్టరుగారిని పక్కకి లాగాను. "చూస్తారన్నారు కదా సార్. తీసుకెళ్ళడమేంటి?"

"ఆయన భద్రపరుస్తాం అని రాస్తే, చూసి రాసుకుంటారనుకున్నానండి టీచరుగారూ. అయినా మంచిదే కదండీ. పట్నంలో అద్దాల్లో పెట్టి, కింద మన బడి పేరు రాస్తారట. ఈళ్ళకి ఎంత గౌరవమండీ" అన్నారు. ఆయన మోసం చేయలేదు, మనస్ఫూర్తిగా అదే నమ్మారు. అందుకే నాకు ఇంకా మండింది.

"ఎండాకాలం వాళ్ళ ముసలమ్మని దేనితో కలుపుకుంటారు సార్?"

"కొత్తది పంపుతారు కదండీ."

తాతకి తెలుగు బాగానే తెలుసు, అంతా వింటూనే ఉన్నాడు. రెండు చేతులూ బుట్ట మీద పెట్టాడు, కానీ కాదనలేదు. ఆ ఊళ్ళల్లో జీపులో వచ్చిందేదైనా ఆర్డరే. ఫారెస్టు జీపొస్తే పోడు పోతుంది, పోలీసు జీపొస్తే మనిషి పోతాడు. జీపుకి ఎదురు చెప్పి బాగుపడినవాణ్ణి వాళ్ళు చూడలేదు. వెంట వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు నేల చూపులు చూస్తున్నారు. ఆ పిల్ల, తాత మనవరాలు, ముగ్గు ఆఫ్రికాలో తన దేశంలో కూర్చుని వరండా వైపే చూస్తోంది.

"ముందు పిల్లల ప్రోగ్రాం కానివ్వండి" అన్నారు హెడ్మాస్టరుగారు. సరే అని గ్రౌండులోకి దిగాను. యాభై ఏడు అన్నాను, ఘనా లేచింది. యాభై ఎనిమిది అన్నాను, గినీ లేచింది. అరవై అని అరిచాను. పదిహేడు మంది ఒక్క ఊపున లేచారు. ఆ రోజు అరుపుల్లేవు. పిల్లలకి ఏదో అర్థమైంది, ఊరికే నిలబడ్డారు. దుమ్ము మెల్లగా దిగింది.

తాత వరండా అంచుకి వచ్చి నన్ను పిలిచాడు. "టీచరమ్మా, ఈ పోరగాండ్లు ఏం జేస్తుర్రు?"

వీళ్ళు దేశాలు తాతా, తెల్లవాళ్ళు లాక్కున్న దేశాలు, ఒకే ఏడు ఇన్ని విడిపించుకున్నాయి అని చెప్పాను. మీలాగే పాటల్లో కథ దాచుకున్నవాళ్ళు, పెద్దల కోసం కంచు తలలు పెట్టుకున్నవాళ్ళు, అవి ఓడలో వేసుకుపోయారు అని కూడా చెప్పాను.

"గా తలలు తిరిగొచ్చినయా?"

"మేడం" అన్నారు వెనకనుంచి హెడ్మాస్టరుగారు, హెచ్చరికగా.

"నాకు తెలిసి ఇప్పటిదాకా ఆ ఇళ్ళకి రాలేదు తాతా" అన్నాను.

"మరి ఈ బండ్ల పోయింది తిరిగొస్తదా?"

ఆఫీసరుగారు కల్పించుకున్నాడు. "అది తెల్లవాళ్ళ దోపిడీ అమ్మా. ఇది మన ప్రభుత్వం. రెంటికీ పోలికేంటి?"

నా నోరు ఆగలేదు. "పోలిక నేను పెట్టలేదు సార్. తిరిగొస్తుందా అని ఆయన అడుగుతున్నాడు. ఎండాకాలానికి తెచ్చిస్తారా?" ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒకసారి లోపల చేరితే బయటికి పంపడానికి రూల్సు ఒప్పుకోవు అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది మెచ్చుకోవాలి.

తాత కాసేపు గ్రౌండులో నిలబడ్డ పిల్లల్ని చూశాడు. తరవాత ఆఫీసరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "సరే సారు, తీస్కపోండ్రి. పెద్దోల్లు మీరు. కానీ దీనికొక పద్ధతుంది. పడిగెను ఊకనే ఇంకొకల చేతుల పెట్టద్దు. మొదలుకెల్లి పాడి అప్పజెప్పాలె. తీసుకునే మనిషి చెప్పులిడిచి నిలబడి ఇనాలె. పాట ఒడిసేదాంక ఎంగిలి పడొద్దు. నడుమల ఆగితే మీకూ మంచిగుండదు, నాకూ మంచిగుండదు."

ఆఫీసరుగారి మొహం ఎంత వెలిగిందో. అది రికార్డు చేసుకోవడం కోసం ఆయన అడవులు తిరుగుతున్న మనిషి. బూట్లు విప్పేశాడు, టేపురికార్డరు తెప్పించాడు. హెడ్మాస్టరుగారు కొత్త బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు. నేనూ చెప్పులు వదిలేశాను. బళ్ళో అందరం వట్టి కాళ్ళతో నిలబడ్డాం. పెద్దమనుషులిద్దరూ పడిగె విప్పి వెదురుకి కట్టి ఎత్తారు. ఎర్రటి పాత గుడ్డ, దాని మీద గుర్రాలు, పులులు, మనుషులు, సూర్యచంద్రులు. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది నాకు. డోలు మోగింది. బక్క మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో.

కొంతసేపటికి ఆఫీసరుగారు క్యాసెట్టు తిరగేశారు. తరవాత మార్చారు. వంటగదిలోంచి నాటుకోడి వాసన వచ్చింది, ఆయన గుటక మింగారు కానీ కదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చి, వరండాలోకి వాలింది. ఆయన మెల్లగా డ్రిల్లు మాస్టరు చెవిలో, "కథ ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడిగారు.

"ఇంక భూమి గట్టిపళ్ళేదంట సార్. అంత నీళ్ళే ఉన్నయ్. మనుషులు పుట్టుడు ఇంక మస్తు దూరముంది" అన్నాడు డ్రిల్లు మాస్టరు. మొహంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

నాకు అప్పుడు అర్థమైంది, తాత ఏం చేస్తున్నాడో. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. పిల్లలకీ మెల్లగా అర్థమైంది. కోయ పిల్లలు పల్లవి అందుకోవడం మొదలుపెట్టారు. దాంతో ప్రతి ముక్కా రెండుసార్లు. భూమి గట్టిపడే సరికి క్యాసెట్లు అయిపోయాయి. మొదటి తాత పుట్టి, మొదటి పెళ్ళి కుదిరే సరికి డ్రైవరు గేటు దగ్గర తచ్చాడుతున్నాడు. "సార్, జల్దీ బయల్దేరాలె. పొద్దు గుంకితే క్యాంపు దాటనియ్యరు" అన్నాడు. ఇంకో రెండుసార్లు వచ్చి అదే చెప్పాడు.

చివరికి ఆఫీసరుగారు డోలు దరువు మారే సందు కోసం కనిపెట్టుకుని ఉండి, అప్పుడు వంగి అడిగారు. "తాతా, ఇది ఎప్పటికి పూర్తవుతుంది?"

తాత డోలు మీద చెయ్యి ఆన్చాడు. "మా ముసల్దాని దాంక వచ్చి ఆగుతది సారు. గట్లని ఒడిసినట్టు గాదు. రేపు నేను పోత, నన్ను కలుపుతరు. ఎనక ఈళ్ళు పోతరు, ఈళ్ళను కలుపుతరు. మా ఇంట్ల సావులు ఒడిసిన్నాడు పాట ఒడుస్తది. గప్పుడు రండ్రి, నేనే బండ్ల పెడుత."

ఆఫీసరుగారు పడిగె వైపు చాలాసేపు చూశారు. తరవాత రెండు చేతులూ జోడించి, తాతకి కాదు, ఆ గుడ్డకి దండం పెట్టారు. డ్రైవరుతో రేకు పెట్టె జీపులో పెట్టెయ్యమన్నారు. ఆ మనిషి తలుచుకుంటే ఆ రోజు ఎవరూ ఆపేవాళ్ళు కాదు, నాకు తెలుసు. జీపు వెళ్ళిపోయాక గ్రౌండులో పుట్టిన గోల నేను చెప్పలేను. ఆఫ్రికా మొత్తం చెరిగిపోయింది, దేశాలన్నీ కలిసి గెంతుతున్నాయి. డ్రిల్లు మాస్టరు విజిలు ఊదుతూనే ఉన్నాడు, ఎవర్నీ ఆపడానికి కాదు. హెడ్మాస్టరుగారు కాసేపు ఒంటరిగా నిలబడి, నా దగ్గరికి వచ్చి, "నాకు తెలీదండి టీచరుగారూ. గౌరవం అనుకున్నానండీ" అన్నారు. నాకు కోపం పోయింది. పదండి, కోడి చల్లారిపోతుంది అన్నాను.

తాత నీళ్ళు తాగుతుంటే పక్కన కూర్చుని అడిగాను, "నిజంగా అలాంటి పద్ధతి ఉందా తాతా? చెప్పులిప్పి, ఎంగిలి పడకుండా?"

"ఇయ్యాల్టికెల్లి ఉంది" అన్నాడు.

చర్ల వెళ్ళి ఎస్టీడీ బూతులోంచి హైదరాబాదులో ఉన్న నైజీరియా పిల్లకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎంత గట్టిగా నవ్విందంటే బూతు అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వు ఆగాక, "మాకూ అంత పొడుగు పాటలున్నాయి మేడం. వచ్చినవాళ్ళు వినడానికి ఆగలేదు" అంది. ఆ ఫోను పెట్టేశాక, బస్టాండులో ఊరికే కూర్చుండిపోయాను.

ఎండాకాలం సెలవులు ఇచ్చినా నేను మధిర వెళ్ళలేదు. చర్చిలో మావాళ్ళు ఏమనుకుంటారోనని మా ఆయన కంగారుపడ్డాడు. ఏమనుకుంటే అది అనుకోనీ అన్నాను. వాళ్ళ ఊళ్ళో పందిరి కింద పొద్దున్నించి పాట సాగుతూనే ఉంది. ఈసారి నీళ్ళూ భూమీ చకచకా దాటేశాడు, ఎవరినీ ఆపాల్సిన పని లేదు కదా. మనవరాలు నా పక్కన కూర్చుని చెవిలో తెలుగు చెబుతోంది. వంశాలు దిగి దిగి, కరువులు, వలసలు దాటి, ఫారెస్టు వాళ్ళు పోడు తగలబెట్టిన ఏడు దాటి, ఒకచోట ఆ పిల్ల ఆగి నా చెయ్యి గిల్లింది. "మేడం, మన బడి వచ్చింది. జీపు వచ్చిన దినం వచ్చింది. ముగ్గులకెల్లి దేశాలు లేచినయంట. చదువుకున్నామె ఒకామె చెప్పులిడిచి నిలబడ్డదంట." మీ సబ్జెక్టుని ఎవరూ లెక్కచేయరా? ఉద్యోగమంతా నేను పక్కవాళ్ళ చరిత్రే చెప్పాను. నేను ఉన్న చరిత్ర ఆ పాట ఒక్కటే, దాన్ని ఏ పుస్తకంలోనూ వెతకకండి.

ఆ తరవాత తాత డోలు చప్పుడు తగ్గించాడు. గొంతు కూడా తగ్గించాడు. ఇంటిపేరు చెప్పాడు, పుట్టిల్లు చెప్పాడు, ఏ వాగు దగ్గర తనని మొదట చూశాడో చెప్పాడు, కన్న పిల్లల్ని చెప్పాడు. అప్పుడు ఆమె పేరు పిలిచాడు. పందిట్లో ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో ఆ పేరు తిరిగి పిలిచారు. పెద్దమనుషులు పడిగెను వంచి గుమ్మానికి తాకించి ఎత్తారు. తాత డోలు పక్కన పెట్టి, తల మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, ఇంట్లోకి తొంగి చూశాడు.

"వచ్చింది" అన్నాడు నాతో. "కూసోమన్న."

నేను బావురుమన్నాను.